ఈల వేసి గర్జించిన దుప్పి

"నేను మనిషిని కాల్చలేదు మేడమ్. దుప్పిని కాల్చాను. పడింది మాత్రం మనిషి."

బార్నీ ట్రెలోర్ ఆ మాట అనడం అదెన్నోసారో. వేటగుడిసె వెనక కట్టెల పేర్పు మీద కూర్చున్నాడు. రెండు చేతులూ మోకాళ్ల మధ్య ఇరికించుకున్నాడు. గొర్రెల బొచ్చు కత్తిరించే మనిషి, మెడ దున్నపోతు మెడలా ఉంటుంది. అంత మనిషీ పొద్దుటి నుంచి సగానికి కుంగిపోయాడు.

డిటెక్టివ్ సార్జెంట్ మెరానియా హొహేపా అతని ఎదురుగా నిలబడే ఉంది. కూర్చుంటే ఓదార్చడానికి వచ్చిందనుకుంటాడు.

"చూసి కాల్చావా, విని కాల్చావా?"

"రెండూ. ముందు విన్నాను. తర్వాత పొదల్లో గోధుమరంగు కదిలింది."

"ఏం విన్నావు? సరిగ్గా చెప్పు. సికా జాతి దుప్పా, రెడ్ జాతిదా?"

ట్రెలోర్ తల అడ్డంగా ఊపాడు. "రెండూ కాదు. సికా అయితే ఈల వేసి ఊరుకుంటుంది. రెడ్డయితే ఎద్దులా గర్జిస్తుంది. ఇది ముందు ఈల వేసింది, సన్నగా, రెండుసార్లు. ఆ వెంటనే గర్జించింది. ఒకే గొంతు మేడమ్, రెండు జంతువులు కాదు. నేను కిందటి నెలలో కొట్టిన పోతు కూడా అచ్చం అలాగే అరిచింది. దాని తమ్ముడనుకున్నాను. ఆశ పుట్టింది. తప్పు అక్కడే జరిగింది."

"ముందు ఈల, తర్వాత గర్జన. ఈ సంగతి ఇంకెవరికైనా చెప్పావా?"

"ఎవరికి చెప్పను? ఇది కొత్త గొంతు. చెబితే రేపు పొద్దున్నే అందరూ నా చోటికే వచ్చి కూర్చుంటారు. వేటగాడు గొంతు సంగతి బయటపెట్టడు."

"ఇక మీద కూడా చెప్పకు. పోలీసు అడిగినా సరే, నేను కాకపోతే చెప్పకు."

ట్రెలోర్ అర్థంకాక చూశాడు. మెరానియా అప్పటికే వాలు వైపు నడుస్తోంది.

* * *

చచ్చిపోయిన మనిషి పేరు లాక్లన్ ఓర్మ్. హాలరన్ లోయ వేటగాళ్ల సంఘంలో కొమ్ములు కొలిచేది అతనే. ఏ తల రికార్డుకెక్కాలో, ఏది ఎక్కకూడదో అతని నోటి మాట. ట్రెలోర్ కొట్టిన పోతు కొమ్ములు సికా రికార్డులన్నిటినీ దాటేశాయి. అది నిఖార్సయిన సికా అయితే ట్రెలోర్ పేరు గోడకెక్కుతుంది. సికాకీ రెడ్డుకీ పుట్టిన సంకరమైతే ఆ కొమ్ములు కుక్కకు వెయ్యడానికి పనికొస్తాయి. ఆ తీర్పు చెప్పడానికే ఓర్మ్ నిన్న గుడిసెకు వచ్చాడు. ఈ ఉదయం ఏడు దాటాక, వాగుకి పైన, ట్రెలోర్ తూటా తగిలి బోర్లా పడ్డాడు.

శవాన్ని తీసుకెళ్లిపోయారు. పడిన చోట తెల్లసున్నం గీత మిగిలింది. గీత పక్కన ఇన్‌స్పెక్టర్ క్లైవ్ మాడెవర్ టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. హెడ్డాఫీసు నుంచి హెలికాప్టర్‌లో దిగి గంటయింది. బూట్లకు ఇంకా బురద అంటలేదు.

"రిపోర్టు అయిపోయింది హొహేపా. పోతులు అరిచే సీజను. ఒకడు తొందరపడ్డాడు, ఒకడు చచ్చాడు. గుర్తుపట్టకుండా కాల్చడం. నిర్లక్ష్యం. ముద్దాయి ఒప్పుకున్నాడు కూడా. నువ్వింకా ఏం వెతుకుతున్నావు?"

"ఓర్మ్ ఎటు తిరిగి పడ్డాడు?"

"బోర్లా."

"తల ఎటు?"

మాడెవర్ గీత వైపు చూశాడు. "పైకి."

"ట్రెలోర్ కింద, వాగు ఒడ్డున ఉన్నాడు. తూటా వీపులో దిగింది. అంటే ఓర్మ్ పైకి వెళ్తున్నాడు. దేనికోసం?"

"మనిషన్నాక ఎటో ఒక వైపు నడుస్తాడు!"

"కొమ్ములు కొలిచేవాడు ఎటు పడితే అటు నడవడు. అతనూ ఆ అరుపే విన్నాడు సర్. అటు సికాదీ ఇటు రెడ్డుదీ కాని గొంతు. దాన్ని కళ్లారా చూడాలని వెళ్తున్నాడు."

"అయితే దుప్పి పైన ఉంది, ఓర్మ్ మధ్యలో ఉన్నాడు, ట్రెలోర్ కింద ఉన్నాడు. దురదృష్టం. దానికి నేను ఎవణ్ణి అరెస్టు చెయ్యాలి, దుప్పినా?"

మెరానియా గీత దాటింది. ఓర్మ్ చూపు పోయిన దిక్కునే పైకి ఎక్కింది. అక్కడ బీచ్ అనే జాతి అడవి చెట్టు ఒకటి ఎప్పుడో కూలిపోయి అడ్డంగా పడుంది. మాను రెండు చేతులకు అందనంత లావు, పై నుంచి కింది దాకా పచ్చటి నాచు. అవతలికి వెళ్లి వంగి చూసింది. ఫెర్ను ఆకులు నలిగి నేలకు అతుక్కుపోయాయి. తడిమట్టిలో పక్కపక్కనే రెండు గుంటలు. మానుకు వెనక వైపు, సరిగ్గా మోచెయ్యి ఆనే ఎత్తులో, నాచు గీసుకుపోయి చెక్క తెల్లగా బయటపడింది.

"ఇలా రండి సర్."

"నేను ఎక్కను. అక్కణ్ణుంచే చెప్పు."

"దుప్పి మోకాళ్ల మీద కూర్చుని, మోచేతులు ఆనించుకుని అరుస్తుందా?"

మాడెవర్ ఎక్కాడు. బూట్లు పాడయ్యాయి. గుంటల వైపు చూసి, రుమాలుతో నుదురు తుడుచుకున్నాడు.

"అంటే ఇక్కడ ఒక మనిషి దాక్కుని దుప్పిలా అరిచాడంటావు. తూటా వస్తే ఈ మాను ఆపుతుంది."

"తూటా ఎలాగూ ఇక్కడి దాకా రాదు. ఓర్మ్ దగ్గరే ఆగుతుంది."

మాడెవర్ రుమాలు జేబులో పెట్టుకున్నాడు. ఆ ముఖంలో ఓటమి లేదు, కొత్త తొందర వచ్చింది. "సరే, అయితే సులువే. ఈ లోయలో దుప్పిలా అరవడంలో అందరికంటే మొనగాడు ఎవడు? తమాహౌ. హెలికాప్టర్ పైలట్ కూడా చెప్పాడు, అరిచి దుప్పిని వంటింటి గుమ్మం దాకా రప్పిస్తాడట. మీవాడేగా? అందుకేనా ఇందాకటి నుంచి నసుగుతున్నావు?"

మెరానియా నిటారుగా లేచి నిలబడింది. "మావాడే. మా అమ్మకు వరసకు తమ్ముడు. ఆయన చేసుంటే బేడీలు నేనే వేస్తాను. కానీ మీరు పొద్దున ప్రమాదమన్నారు, ఇప్పుడు హత్యంటున్నారు. రెండుసార్లూ ఎవరినీ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు."

"నోరు జారుతున్నావు."

"వినేవాళ్లు లేరు కదా సర్, దుప్పులు తప్ప."

* * *

గుడిసెలోకి వెళ్లగానే మెరానియా చేసిన మొదటి పని పొయ్యి తలుపు తెరవడం. నిప్పు ఆరిపోయింది. బూడిద మీద నారింజ రంగు ప్లాస్టిక్ కరిగి, గడ్డకట్టి, ఇనుప చువ్వకు వేలాడుతోంది. బూడిదలో వేళ్లు పెట్టి కెలికితే మాడిపోయిన లోహపు జిప్పు దొరికింది. అది జేబులో వేసుకుని తలుపు మూసింది. తర్వాత బయటున్న ముగ్గురినీ లోపలికి పిలిచి బల్ల చుట్టూ కూర్చోబెట్టింది. మాడెవర్ తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

ఒక పక్క ట్రెలోర్. ఎదురుగా తమాహౌ, అరవై దాటిన మనిషి, పొగాకు చుట్టుకుంటూ ఎవరి వైపూ చూడడం లేదు. బల్ల కొసన సంఘం అధ్యక్షుడు హెక్టర్ మాన్సెల్. లోయ అంచున దుప్పుల ఫారం ఉంది అతనికి. ఈ కొండల్లో సికా జాతి కల్తీ లేకుండా ఉందంటే అది తన తాత, తండ్రి, తను కాపాడిన పుణ్యమేనని ప్రతి సమావేశంలోనూ చెబుతాడు. బల్ల మధ్యలో ఆ పోతు పుర్రె, దాని మీద ఆకాశంలోకి లేచిన కొమ్ములు.

"దీన్ని ఏమనాలి?" అడిగింది మెరానియా.

ఆ ఒక్క ప్రశ్నతో బల్ల అంటుకుంది.

"సికా," అన్నాడు మాన్సెల్. "ఇందులో అడగడానికేముంది అమ్మాయ్?"

"ఐదో మొన చూడు హెక్టర్! సికాకు ఒక్కో వైపు నాలుగే కదా?" అన్నాడు ట్రెలోర్.

"నీ పోతుకు నువ్వే సంకరమని పేరు పెట్టుకుంటున్నావేంటయ్యా, రికార్డు వద్దా? మేత బాగున్న ఏడు ఐదో మొన వస్తుంది."

తమాహౌ పొగాకు పక్కన పెట్టాడు. "మేత వల్ల పుర్రె పొడుగవదు. సికా ముఖం పొట్టి. ఇది నా మోచెయ్యంత ఉంది. వెనక కాలి మీద గ్రంథి చుట్టూ ఉండే బొచ్చు చూస్తే తేలిపోయేది. సికాకు అది దూదిలా తెల్లగా మెరుస్తుంది. రెడ్డుకు మట్టిరంగు. కలిసినదానికి అటూ ఇటూ కాకుండా ఉంటుంది. కాళ్లు ఏవి బార్నీ?"

"కాళ్లు అక్కడే కోసి పారేశాను. మోసుకురాలేక."

"అదీ సంగతి!" మాన్సెల్ నవ్వాడు. "కాళ్లు లేవు, రుజువు లేదు. ఇక దాన్ని కంచర అంటావో, సగంసగం అంటావో, నీ ఇష్టం తమాహౌ. నువ్వు సారా తాగి చూసిన ప్రతిదానికీ ఒక పేరు పెడతావు."

"నేను తాగి చూసినా దుప్పే కనిపిస్తుంది హెక్టర్. నువ్వు తాగకుండా చూసినా నీ తాతే కనిపిస్తాడు."

మాన్సెల్ చెంపలు ఎర్రబడ్డాయి. "నా లోయలో సంకరం లేదు! నలభై ఏళ్లుగా తిరుగుతున్నాను. అలాంటి దాన్ని కన్నెత్తి చూడలేదు, చెవితో వినలేదు."

"ఎప్పుడూ వినలేదా?" మెరానియా నింపాదిగా అడిగింది.

"ఎప్పుడూ."

ఆమె తమాహౌ వైపు తిరిగింది. "మామయ్యా, నువ్వు విన్నావా?"

"అవతలి లోయలో విన్నాను. ఇక్కడ కాదు."

"ఒకసారి అరిచి చూపించు."

మాడెవర్ తలుపు దగ్గర్నుంచి ఒక అడుగు ముందుకేశాడు. తమాహౌ తన ఉచ్చులో తనే పడబోతున్నాడన్న చూపు. తమాహౌ రెండు అరచేతులూ నోటి చుట్టూ దొన్నెలా పట్టాడు. గుడిసె కిటికీ అద్దాలు అదిరేలా గర్జించాడు. ఆ గర్జన మెల్లగా పలచబడి, చివర సూదిలాంటి ఈలగా తెగిపోయింది. ట్రెలోర్ కళ్లు మూసుకున్నాడు. నోరు తెరవబోయి, మెరానియా చూపు తగలగానే ఆగిపోయాడు.

మాన్సెల్ ఆగలేదు. ముప్పై ఏళ్లుగా ప్రతి ఒక్కరి అరుపుకూ మార్కులు వేసిన అలవాటు అది.

"ఛీ! అదేం అరుపు? తలకిందులుగా అరిచావు. ఈల ముందు రావాలి, గర్జన తర్వాత..."

మాట సగంలో ఆగింది.

ట్రెలోర్ మెల్లగా కళ్లు తెరిచాడు. "అవును," అన్నాడు. "ఈల ముందు. నేను పొద్దున విన్నది అదే. కానీ అది నేను మేడమ్‌కి తప్ప ఎవరికీ చెప్పలేదు. నీకెలా తెలుసు హెక్టర్?"

"ఊహించాను."

"ఎప్పుడూ విననిదాన్నా?" అంది మెరానియా. "తమాహౌ విన్న సంకరాలు గర్జించి ఈల వేస్తాయి. ఈ ఒక్క పోతు ఈల వేసి గర్జిస్తుంది. అది ఆ పోతు సొంత గొంతు. రోజూ వినేవాళ్లకు తప్ప తెలియదు. పొద్దున మీరెక్కడున్నారు?"

"ఇక్కడే. పొయ్యి దగ్గర. గంజి కాస్తున్నాను."

"పొయ్యిలో గంజితో పాటు ఇది కూడా ఉడికించారు." జిప్పు బల్ల మీద పెట్టింది. మాడిన ఆ ముక్క కొమ్ముల నీడలో పడింది. "వేటలో మనిషని దూరానికి తెలియడానికి వేసుకునే నారింజ కోటు లేకుండా ఓర్మ్ గుమ్మం దాటేవాడు కాదు. మీ సంఘంలో ఆ పాఠం అందరికీ నేర్పిందే అతను. పొద్దున అది ఏమైంది?"

జవాబిచ్చింది తమాహౌ. "వెతుక్కున్నాడు పాపం. పరుపులన్నీ ఎత్తి చూశాడు. నిన్న వాగు దగ్గర వదిలేసి ఉంటావు, వెళ్లి తెచ్చుకో అన్నాడు హెక్టర్. అందుకే ఆ వైపు వెళ్లాడు." మాట పూర్తయ్యాక, తను చెప్పిందేమిటో అప్పుడు తెలిసొచ్చినట్టు, చేతిలోని పొగాకు బల్ల మీద రాల్చేశాడు. "ఎవరు ఏ చోట కూర్చోవాలో పంచేది కూడా హెక్టరే. బార్నీని వాగు ఒడ్డున పెట్టింది అతనే."

ట్రెలోర్ లేచాడు. బల్ల కదిలి కొమ్ములు ఒరిగాయి. "ముప్పై ఏళ్ల స్నేహం. నా పెళ్లికి నా పక్కన నిలబడ్డావు. నా చేత చంపించావా? నా చేతే?"

మాడెవర్ ఒక్క అంగలో వచ్చి అతని భుజాలు పట్టుకుని వెనక్కి లాగాడు. లాగాడు గానీ తిట్టలేదు.

మాన్సెల్ కుర్చీలో వెనక్కి వాలాడు. ముఖంలో భయం లేదు. పేకాటలో ఒక ఆట పోగొట్టుకున్నవాడి చిరాకు ఉంది.

"ట్రిగ్గర్ నొక్కింది వాడు. ఇన్‌స్పెక్టర్ గారూ, మీరు చట్టం తెలిసినవాళ్లు. దుప్పిలా అరవడం ఏ చట్టంలో నేరం?"

"ఉత్త అరుపైతే కాదు," అన్నాడు మాడెవర్. "ముందు కోటు కాల్చి తర్వాత అరిస్తే వేరే సంగతి." ఆ మాట మెరానియా వైపు చూడకుండా అన్నాడు.

"కోటు కాలిందంటే నేనే కాల్చానా? ఇంతమంది పడుకున్న గుడిసె ఇది. పైగా నేనెందుకు చంపుతాను ఓర్మ్‌ని? ఇది సికా అని నేనూ అంటున్నాను, అదే రాయమని చెప్పాను. నాకేం పోతుంది?"

అదొక్కటే మెరానియాకు ఇంకా చిక్కని ముడి. ట్రెలోర్ వైపు తిరిగింది. "ఓర్మ్ ఈ కొమ్ములు కొలిచాడా?"

"లేదు మేడమ్. అదే వింత. టేపు కూడా తియ్యలేదు. ముందు తోలు చూడాలన్నాడు. తోలు నేను కింద టౌపో రోడ్డులో ఫిలిప్పా గాంట్రీకి ఇచ్చాను, గోడకు తగిలించే తల బొమ్మ చెయ్యడానికి. నిన్న ఇక్కడికి వచ్చే ముందు నాతో పాటు ఆమె షెడ్డుకు వచ్చాడు. తోలు చేతిలోకి తీసుకుని, చెవి లోపల బొచ్చు వేలితో పక్కకు తోసి, చాలాసేపు చూశాడు. తర్వాత నవ్వాడు."

"ఏమైనా అన్నాడా?"

"దీనికి పేరు పెట్టాల్సింది మనం కాదు బార్నీ, దీని యజమాని అన్నాడు. హాస్యమనుకున్నాను. అడవి దుప్పికి యజమానేంటి?"

మెరానియా కొమ్ముల మీద చెయ్యి వేసింది. "అడవి దుప్పికి ఉండడు. ఫారం దుప్పికి ఉంటాడు. ఫారంలో పుట్టిన ప్రతి పిల్లకూ చెవికి బిళ్ల కుడతారు. బిళ్ల పీకేసినా కన్నం పూడదు." మాన్సెల్ వైపు వంగింది. "ఈ లోయ అంచున ఉన్న ఫారం ఒక్కటే. సికాకూ రెడ్డుకూ కలిపి, కొమ్ములు పెద్దవి చేసి, మీరే కొండ మీదకి వదిలారు. రికార్డులన్నీ హాలరన్ లోయకే రావాలని. మీ తాత కాపాడిన జాతిని కల్తీ చేసింది మీరే. ఓర్మ్ నిన్న రాత్రి అది మీ ముఖానే అని ఉంటాడు. వదలడమే నేరం. అంతకంటే పెద్ద శిక్ష, అది బయటపడితే ఈ బల్ల దగ్గర మీ ముఖం ఎవరూ చూడరు."

తమాహౌ లేచి, మాన్సెల్ పక్క నుంచి దూరంగా జరిగి గోడకు ఆనుకున్నాడు. అప్పుడు మాత్రం మాన్సెల్ ముఖం పాలిపోయింది. తూటా గురించి మాట్లాడినంతసేపూ చెక్కు చెదరనివాడు, ఆ ఒక్క అడుగు దూరానికి కుదేలయ్యాడు.

"కన్నం," అన్నాడు పెదవులు తడుపుకుంటూ. "ఏదీ ఆ కన్నం? చూపించు. తోలు తెచ్చి ఈ బల్ల మీద పెట్టు."

అని గోడ గడియారం వైపు చూశాడు. చూడకూడదనుకుంటూనే చూశాడు.

మెరానియా ఆ చూపును వదల్లేదు. "నిన్న రాత్రి ఈ గుడిసెలో ఇంకెవరున్నారు?"

"హెక్టర్ పెద్దబ్బాయి రెక్స్," అన్నాడు తమాహౌ. "కబురు వైర్‌లెస్‌లో మీకు చెప్పగానే ట్రక్కు తీసుకుని దిగిపోయాడు. ఓర్మ్ భార్యకు ముఖాముఖి చెప్పడం మర్యాద అన్నాడు."

"ఓర్మ్ భార్యకు చెప్పింది నేను. ఇక్కడికి వచ్చే ముందు ఆవిడ దగ్గర చాలాసేపు కూర్చున్నాను. నాకంటే ముందు గానీ, నేనున్నప్పుడు గానీ ఆ ఇంటికి ఎవరూ రాలేదు."

గుడిసెలో అందరికీ ఒకేసారి అర్థమైంది. టౌపో రోడ్డు మీద, చుట్టూ పైన్ చెట్లు తప్ప ఇల్లు లేని చోట, ఫిలిప్పా గాంట్రీ షెడ్డులో ఒక్కతే పని చేసుకుంటుంది.

మాడెవర్ అప్పటికే శాటిలైట్ ఫోను తీశాడు. "నంబరు!" అని ట్రెలోర్ మీద అరిచాడు. ట్రెలోర్ చెప్పాడు, ఒక అంకె తప్పి మళ్లీ చెప్పాడు. మాడెవర్ నొక్కి, ఫోనును తన దగ్గర ఉంచుకోకుండా మెరానియా చేతికిచ్చాడు.

మోగింది. మోగుతూనే ఉంది. మెరానియా మాన్సెల్ ముఖం మీంచి కళ్లు తిప్పలేదు. అతను కళ్లు గట్టిగా మూసుకుని, వద్దు వద్దన్నట్టు పెదవులు కదుపుతున్నాడు. ఆ ప్రార్థన ఎవరి కోసమో ఆమెకు అంతుపట్టలేదు.

అవతల ఎవరో ఎత్తారు. ముందు నీళ్లు పారుతున్న చప్పుడు. ఎవరో చేతులు కడుక్కుంటున్నట్టుంది. కుళాయి ఆగింది.

"ఫిలిప్పా?" అంది మెరానియా.

"ఆమె ఇప్పుడు మాట్లాడే స్థితిలో లేదు," అంది కుర్రగొంతు. పరుగెత్తి వచ్చినవాడిలా రొప్పుతోంది. "గుడిసె నుంచేనా? మా నాన్నకివ్వండి. చెవి దొరికిందని చెప్పాలి. కానీ చెవిలో కన్నం ఆమె కూడా చూసేసింది, నేనేం చెయ్యను, ఆమె కూడా చూసేసింది."